ఎవరి వాక్యం

కొయింబ్రాలో ప్రూఫులు దిద్దే రోజుల్లో
నేను పందెం కాసేవాణ్ణి.
ఒలిందా, బాల్తజార్ కలిసి రాసిన డిటెక్టివ్ నవలలు పదకొండు.
ఏ పేరా ఎవరిదో
అంచున పెన్సిల్ గీత పెట్టి మరీ చెప్పేవాణ్ణి.

వాన పడితే ఒలిందా.
శవం దొరికితే బాల్తజార్.
కామా దగ్గర ఊపిరి పీల్చుకునేది ఆమె,
చుక్క పెట్టి లేచిపోయేది ఆయన.
వేయించిన సార్డీన్ల వాసన ఏ పేజీలో తగిలినా
కళ్లు మూసుకుని ఆమె పేరే.
ప్రెస్సులో అందరూ తలూపేవాళ్లు. కాఫీ డబ్బులు వాళ్లవే.

బాల్తజార్ పోయిన మరుసటేడు
పన్నెండోది వచ్చింది, ఒక్క పేరుతో.
అన్నీ శవాలే. అన్నీ చుక్కలే.
మొందేగు నది మీద
ఒక్క చినుకు రాలలేదు.

పుస్తకం పట్టుకుని వెళ్లాను.
కుళాయి కింద గిన్నె తోముతూ నవ్వింది:
"చేపలు వేయించేది ఆయనే నాయనా,
నాకు నూనె పొగ పడదు.
వాన సంగతి ఆయన మోకాళ్లకు ముందే తెలిసేది.
హత్యలా? అన్నీ నావే."

"మరి నాలుగో నవల చివర,
ఆ అమ్మాయి ఉత్తరాన్ని చింపకుండా
రొట్టెల డబ్బాలో దాచే వాక్యం?"

కుళాయి కట్టేసింది.
"అది ఆయనదనుకుని నేను అసూయపడ్డాను.
నాదనుకుని ఆయన మూడ్రోజులు మాట్లాడలేదు.
తర్వాత అడగడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు.
ఏం, నీకేమైనా తెలుసా?"

అచ్చులో ఒక పంక్తి ఎగిరిపోయిన రాత్రి,
ఫోన్ ఎత్తేవాళ్లు లేని రాత్రి
గుర్తొచ్చింది.

తెలియదన్నాను.
చొక్కా జేబులో పెన్సిల్ గుచ్చుకుంది.