పోటూ పాటూ

రాజోలు ఆసుపత్రిలో కాన్పుల గది గుమ్మం దగ్గర
"తోడు ఒక్కరే" అంది సువార్త సిస్టర్.
వాళ్ళమ్మ నర్సాపురం రేవులో చిక్కుకుపోయింది,
చీకటి పడ్డాక పంటు కట్టేశారట.
మిగిలింది నేను.
కొబ్బరిచెట్టు ఎవరి హద్దులో ఉందన్న తగువుతో
పద్నాలుగు నెలలుగా మాట్లాడని తోడికోడల్ని.

చెప్పులు బయట విడిచి వెళ్ళాను.

ఫినాయిలు వాసన. గోడకి పెద్ద గడియారం.
రెండు మంచాల మధ్య ఆకుపచ్చ తెర.
తెర అవతల ఎవరో "అమ్మో" అంటే
ఇవతల హేమసుందరి పళ్ళు బిగించింది.
పడుకోబెట్టేస్తారనుకున్నాను.
"నడువమ్మా, నొప్పొస్తే ఆ కమ్మీ పట్టుకుని వంగు.
ఏమ్మా, చూస్తావేం, నడుం రాయి."
నన్నే.
రాశాను. మొదట వేళ్ళ కొసలతో,
పరాయి దూడని తాకినట్టు.

పొట్టమీద చిన్న మిషను ఆనించారు.
డబడబ డబడబ...
పొగమంచులో లాంచీ కనపడకముందే
ఇంజను వినపడుతుందే, అలా.
సిస్టర్ గంటగంటకీ కాగితం మీద చుక్క పెట్టి గీత కలుపుతోంది,
వరద మట్టం రాసుకునే లాకుల లస్కరులా.

మూడింటికి కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోపు పదకొండు లెక్కపెట్టాను.
ఆ చీకట్లో వచ్చింది పోటు.
మా వైపు పోటంటే సముద్రం ఏట్లోకి ఎదురెక్కడం.
పోటంటే కత్తి దిగడం కూడా.
ఎవరు పెట్టారో గాని, రెంటికీ ఒకే మాట పెట్టారు.
"పాటొస్తుంది, ఊపిరి తీసుకో, పాటొస్తుంది" అన్నాను.
పద్నాలుగు నెలల తర్వాత నా మొదటి మాట.
జవాబుగా నా ముంజేతిలో నాలుగు గోళ్ళు.

లైటొచ్చేసరికి మంచం వీపు పైకి లేపి ఉంది.
ఉమ్మనీరు, నెత్తురు, ఆ మధ్యలో
తడిసిన నల్లటి జుత్తు.
నేను ఇద్దర్ని కన్నాను గాని
ఒక్క కాన్పూ చూడలేదు.

ఏడుపు.
తల్లి రొమ్ముమీదే పెట్టేశారు.
బొడ్డుతాడు ఇంకా కొట్టుకుంటోంది,
రేవుకి చేరాక కూడా ఇంజను ఆపని లాంచీలా.
అది ఆగేదాకా కత్తెర ముట్టుకోలేదు డాక్టరమ్మ.

"అక్కా, దాహం" అంది హేమ.
గ్లాసు పట్టుకుంటే సగం దాని మెడమీదే ఒలికింది.

తెల్లారి మొదటి పంటుకి వాళ్ళమ్మ వచ్చింది.
నేను బయట చెప్పులు వెతుక్కుంటే
ఒకటే దొరికింది.

కొబ్బరిచెట్టా?
అది మా హద్దులోదే.
ఈసారి దింపు మాత్రం
వాళ్ళ వాకిట్లో వేయిస్తాను.