పదో గీత

రాయదుర్గంలో మా షెడ్డుకు బోర్డు లేదు.
ఉండేది రేకులు, ఇరవై మూడు మిషన్లు,
నీలం దుమ్ము.
తుమ్మితే చేతిగుడ్డకు జీన్సు ప్యాంటు రంగు.

హాజరు పుస్తకం రాసేది నేనే.
తొమ్మిది గీతలు కొట్టి, తొమ్మిది పేర్లు రాసి
పదో గీత కాడ స్కేలు ఎత్తేస్తా.
పది మందయితే ఈఎస్ఐ వాళ్ల లెక్కలోకి పోతామంట.
మొదటి రోజు ఓనరు నేర్పిన లెక్క అదొక్కటే:
"కూడికలు రాకున్నా ఫరవాలేదప్పా,
తొమ్మిది తర్వాత ఏమొస్తాదో మర్చిపో."

మర్చిపోయినా.
పదోది హొన్నూర్‌బీ, జిప్పులు కుడతాది.
పదకొండు తిప్పక్క, పన్నెండు ఆమె కోడలు,
పదమూడు కాజాల ఎర్రిస్వామి...
ఇరవై నాలుగు నేను.

జీతమని ఎవరూ అనరు ఈడ. పీసు అంటారు.
జిప్పుకు రూపాయిన్నర, జేబుకు రెండు,
దారాలు కత్తిరిస్తే డజనుకు నాలుగు.
పీసుకు జ్వరం రాదు.
పీసుకు కాన్పు లేదు.
పీసు ముసలిది కాదు.

తిప్పక్కను ఒకసారి అడిగినా:
"పేరెక్కిస్తే నూటికి ముప్పావలా పట్టుకుంటారు,
ఆస్పత్రి ఖర్చు వాళ్లదే" అని.
దారం పంటితో కొరికి నా మొగం చూసింది.
"ఆస్పత్రి యాడుంది? అనంతపురమా, బళ్ళారా?
బస్సు చార్జీ నువ్విస్తావా?
ఆ పొద్దు నా పీసులు మీయమ్మ కుడతాదా?"
మా పుస్తకంలో ఆ కాలమ్ లేదు.

ఆఫీసరు వచ్చే రోజు ముందే తెలుస్తాది.
పద్నాలుగు మంది వెనక తలుపులోంచి
కొండ కింద బండల నీడకు పోతారు,
కొందరు పిల్లోళ్ల టిఫిను డబ్బాలు కూడా తీసుకొని.
నేను మాత్రం కదలను.
ఆ పూటకు నేను ఓనరు చెల్లెలి కొడుకును.

మొన్న సూది విరిగి
హొన్నూర్‌బీ బొటనవేలి గోట్లో దిగబడింది.
మిషను ఆగలేదు, ఆమె కాలు ఆగింది.
బ్యాంకులో ఆమెకొక బీమా ఉండె,
ఏడాదికి ఇరవై రూపాయలది.
జూను ఒకటికి ఆ ఇరవై ఖాతాలో ఉండాల.
జూనులో బడి పుస్తకాలు.
అది తెగిపోయి రెండేండ్లాయె.
తెగకున్నా ఏమి,
ఆధార్‌లో హొన్నూరు బేగం,
రేషన్ కార్డులో ఒన్నూరమ్మ,
ఏ పేరుగలామె వేలు అది?

మాకూ ఒక బీమా ఉంది. దాని పేరు తువ్వాల.
ఎర్రిస్వామి భుజం మీంచి తీసి నేల మీద పరిచినాడు.
పదులు, ఇరవైలు, ఒక చిరిగిన యాభై.
నాలుగు వందల పది.
ఓనరు నూరు వేసి
నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు:
"అడ్వాన్సు కింద రాసుకో."
రాసుకున్నా.
వేలిముద్ర వెయ్యమంటే
కట్టు కట్టిన కుడిచెయ్యి చూపి నవ్వింది,
ఎడమ బొటనవేలు ఇంకుప్యాడ్‌కు ఆనించింది.
అదీ నీలమే.

ఆ రాత్రి పుస్తకం తెరిచి పదో గీత కొట్టినా,
పెన్సిలుతోనే.
ఏ పేరు రాయాల, మూడింట్లో?
రాయలేదు.
తెల్లారి ఓనరు రాకముందే
రబ్బరుతో నేనే చెరిపినా.
నా ముప్పై పీసుల బతుకు నాకూ ఉంది గదా.

ఆ చోట కాగితం పలచబడింది.
కిటికీ కాడ ఎండకు పెడితే
అవతలి పుటలో వచ్చే నెల కనిపిస్తాది.
ఆడా తొమ్మిదే.