గోధుమరంగు వైరు

నలభై ఒక్క బండ్ల జాబితా చేతికిచ్చి
ఫోన్లు చెయ్యమన్నారు.
భీమవరం సర్వీసు సెంటర్లో
కూలర్ పక్క కుర్చీ నాది.
స్టీరింగు కింద, క్లిప్పు పడని చోట,
ఒక గోధుమరంగు వైరు
ఇనప అంచుకి ఆనుకుని పోతోందట.
కుదుపు కుదుపుకీ ఒరుసుకుని
పైతొడుగు అరిగి
ఏదో ఒక రోజు రాగి బయటపడుతుందట,
ఉప్పుగాలి తగిలే ఊళ్ళల్లో ఇంకాస్త ముందు.
ఆ తర్వాత జరిగేదాన్ని కాగితంలో
"ఉష్ణ సంఘటన" అని రాశారు.
మా వీధిలో నిప్పంటుకోవడం అంటారు.

"కంపెనీ మీ బండిని వెనక్కి పిలుస్తోందండీ"
అన్నాను మొదటి ఫోన్లో.
అవతల చీకట్ల మావుళ్ళు గొంతు పీలబడిపోయింది.
"కిస్తీలన్నీ కట్టేశానమ్మా,
మార్చిది ఒక్కటే పదిరోజులు లేటయ్యింది.
ఆమాత్రానికే బండి లాగేసుకుంటారా?"
ఆ రోజు నుంచి వెనక్కి అనే మాట మానేశాను.
"ఓసారి చూపించుకెళ్ళండి" అంటున్నాను
పళ్ళ డాక్టరు దగ్గర కూర్చునే అమ్మాయిలా.

ఊరికే చేస్తారా, ఐతే ఇందులో ఏదో ఉందని
పెట్టేసినవాళ్ళు ఆరుగురు.
ఒడుగు ఏసుపాదం మాత్రం ఉన్నమాట చెప్పాడు:
"రేపు పట్టుబడి. ఐసులో వేసిన రొయ్య ఆగదు.
నిప్పు సంగతి ఎల్లుండి చూద్దాం."
ఆయన మాట కన్నా గట్టిగా
ఏరియేటర్లు నీళ్ళని చరుస్తున్న చప్పుడు.

మొగల్తూరు నుంచి వచ్చిన బండి విప్పితే
ఉప్పు పూసిన బోల్టులు, గుప్పెడు రొయ్యపొట్టు.
లోపల, సరిగ్గా ఆ వైరుకే,
సైకిల్ ట్యూబు ముక్క చుట్టి
పైన నైలాను దారంతో బిగించి ఉంది.
ముడి చూస్తే తెలుస్తోంది,
వలలు బాగుచేసే చెయ్యి.
ఎవరు కట్టారంటే మీరావలికి తెలీదు.
ఆయన చేతికి ఆ బండి మూడో చేతి నుంచి వచ్చింది.
నాలుగేళ్ళ కిందట, ఏ రేవు గట్టునో,
ఎవరో వాసన పసిగట్టారు.
మా ఇంజనీర్లకి మొన్న శ్రావణంలో తెలిసింది.

మెకానిక్కు ముడి కోసేశాడు.
కొత్త వైరు, కొత్త క్లిప్పు, ఇరవై నిమిషాల పని.
ఫారంలో "ఇంతకుముందు మరమ్మతు" అన్నచోట
ఉంది అని రాశాను.
"చేసినవారి పేరు" దగ్గర పెన్ను ఆగింది.
ట్యూబు ముక్క నా సొరుగులోనే ఉంది,
పారెయ్యమన్నారు గానీ.

బతిమాలో, బెదిరించో
నలభై పేర్లకి టిక్కు పెట్టాం.
మిగిలిన నంబరు ఇప్పుడు
నరసాపురంలో ఎవరో టీచరమ్మది.
ఆవిడకి సైకిలు కూడా లేదు.
బండి ఒకాయన అమ్మాడు, కొన్నాయన మళ్ళీ అమ్మాడు,
అతను పంటు ఎక్కించి సఖినేటిపల్లి దాటించాడు.
అక్కడితో ఆరా తెగిపోయింది.

నిన్న రాత్రి రాజోలు వెళ్తుంటే
చించినాడ వంతెన మీద
నా ముందొక తెల్ల బండి.
వెనకాల ఐసునీళ్ళు కారుతున్నాయి.
ఎడమ లైటు ఆరుతోంది, వెలుగుతోంది.
నంబరు పలక నిండా చెరువు బురద.
స్కూటీ హారన్ కొట్టాను. మళ్ళీ కొట్టాను.
ఆగమని చెయ్యి ఊపాను, అరిచాను,
గోదారి గాలికి నా మాట నాకే వినపడలేదు.
డ్రైవరు అద్దంలో చూసినట్టున్నాడు.
మర్యాదగా ఎడమకి జరిగి
నాకు దారిచ్చాడు.