ముందుకా, వెనక్కా

కరకంబాడి రోడ్డులో జిలానీ అన్న అంగడి.
లోపలికి పోతానే
బడి తెరిచిన రోజు కొత్త చెప్పుల వాసన.
ఆయన కారు చూడలేదు, నన్ను చూసినాడు.
"నడిపేది ఎవరమ్మా?"
"నేనే."
నా వెనక రెడ్డెప్ప
గోడ మీది క్యాలెండర్లో
ఏదో పండగ వెతుక్కుంటా ఉండాడు.

జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి
ముందు టైరు గాడిలో నిలబెట్టినాడు జిలానీ అన్న.
మడమ లోతు నీళ్ళలో దిగిన పిల్లోని మాదిరి
బిళ్ళ మొత్తం బయటే ఉంది.
"ముందువి రెండూ గుండు తల్లీ.
వెనకవి ఇంకా క్రాపు."
తిరుపతిలో ఆ మాటకు ఎవురికైనా నవ్వొస్తాది.
మాకు రాలేదు.

"దీనికీ జాతకం ఉంటాది, నాలుగంకెలు,
ఏ వారం పుట్టింది, ఏ ఏడు పుట్టింది.
మీవాటికి ఆరేండ్లు.
పరిగెత్తినా, ఎండలో ఊరికే కూచున్నా
రబ్బరు ముసిలిదవతాది."

హంసిని కొత్త టైరు మీద వేలు పెట్టి చదివింది.
"ఎమ్, ఎస్ అంటే ఏంది తాతా?"
"బురదా, మంచూ పాపా.
బురద మన్ది. మంచు ఎవుర్దో."

చలికాలానికని వేరే టైర్లుంటాయంట,
మంచు కురిసే దేశాల్లో ఏటా మారుస్తారంట.
మా చలికాలం నాకు తెలుసు.
ధనుర్మాసం తెల్లారుజామున మైకు మోగేటప్పుడు
చెవులకు చుట్టుకునే తువ్వాలు,
ఇంగో గ్లాసు టీ.
దానికి టైరెందుకు?
నా భయమంతా కార్తీకంతోనే.
బంగాళాఖాతంలో గాలి సుడి తిరిగిందంటే
మూడు రోజులు విడవని వాన,
భాకరాపేట ఘాట్లో
కొండ తన ఎర్రమన్నంతా దించి
మలుపు మీద పరిచి పెడతాది.
శని, ఆదివారాలు ఆ మలుపులు నావి.
డిక్కీలో నైటీల మూటలు,
వెనక సీట్లో హంసిని, లోహిత్.

చీటీ పాడిన డబ్బు రెండిటికే వచ్చింది.
"రీబటన్ వేస్తే నాలుగూ అయిపోతాయి కదన్నా"
క్యాలెండరుతోనే అన్నాడు రెడ్డెప్ప.
"లారీకైతే వేస్తా.
పిల్లోళ్ళు కూచునే బండికి వెయ్యను."

"అయితే కొత్తవి రెండూ ముందుకెయ్యన్నా" అంటి.
ముందే కదా స్టీరింగు,
ముందే కదా ఇంజను,
ముందే కదా రోడ్డు కనిపించేది.

తల అడ్డంగా ఊపినాడాయన.
"పాతవి ముందుకు తెస్తా. కొత్తవి వెనక్కే.
ముందు జారితే నీ చేతికి తెలుస్తాది.
వెనక జారితే
దేవునికే తెలుస్తాది."

అప్పుడు రెడ్డెప్ప, ఇటు తిరక్కుండానే,
"ఔ. ఆ పొద్దు వెనకదే జారింది" అన్నాడు.

పద్నాలుగు నెలలు.
పిట్టగోడకు జానెడు ఇవతల ఆగిన కారు.
దిగి, లోయలోకి ఒకసారి తొంగి చూసొచ్చి
తాళాలు నా చేతిలో పెట్టి
"నువ్వు నేర్చుకో" అన్న మనిషి.
నిద్రమత్తు అనుకుంటి నేను.
అంత మాటా మొగం మీదే అంటి కూడా.
ఆయన కాదనలేదు.

జిలానీ అన్న ఇంకేమీ అడగలేదు.
జాకీ తొక్కినాడు.
కారు వెనక భాగం
మొక్కుకునే మనిషి లేచినట్టు మెల్లిగా లేచింది.
కొత్త టైర్లకు నల్లటి సన్న వెంట్రుకలు,
లోహిత్ ఒకటొకటే పీకి
గుప్పిట్లో దాచుకుంటా ఉండాడు.

డబ్బు లెక్కబెట్టి ఇచ్చి చూస్తే
డ్రైవరు సీట్లో రెడ్డెప్ప.
"రోడ్డెక్కేదాకా నేను తీస్తా."
పది గజాలు. వెనక్కి.
రెండుసార్లు బ్రేకు తొక్కినాడు
దారిలో ఏమీ లేకపోయినా.

తరవాత దిగి నాకు చోటిచ్చినాడు.
ఆయన కాళ్ళకు తగినట్టు
సీటు వెనక్కి జరిపేసుండాడు,
నా పాదం క్లచ్చుకు అందలేదు.
ముందుకు జరుపుకునే దానికి
రవంత టైం తీసుకుంటి.