సగం

ఎండిన వాగులో హర్మల్ మొక్క.
ఒంటె కూడా మూతి తిప్పుకుంటుంది.
నిజ్వా ఎండలో మూడు రోజులు ఆరబెట్టి
నేనే దంచాను. మాస్కు దాటి వచ్చింది చేదు,
మధ్యాహ్నం అన్నంలోకీ వచ్చింది.

జువైనా మేడం అందులోంచి తీసిన పొడి
గోటి మీద పడితే ఊదేయొచ్చు, అంతే.
గాజుపళ్ళెం గుంటల్లో ఉప్పునీళ్ళు,
నిన్న పొదిగిన రొయ్యపిల్లలు, గుంటకు పది.
ఆమె చుక్క వేస్తుంది. తెల్లారి
కదలనివాటిని లెక్కపెట్టడం నా పని.

"సగం చచ్చే మోతాదు కావాలి బోశెట్టీ,
అన్నీ చస్తే మనకేమీ తెలియదు."
ఆమె నోట 'ప' పలకదు.

ఆరో గుంటలో ఐదు. రాశాను.
ఐదోది కాలు ఆడించింది.
కొట్టేసి, నాలుగు.

సంత గేటు దగ్గర ముసలమ్మ ఇదే ఆకు
చక్కెర జబ్బుకి అమ్ముతుంది.
ఎంత అంటే రెండు వేళ్ళు కలిపి చూపిస్తుంది.
ఆ చిటికెడుకు నా కొలగొట్టం మీద గీత లేదు.

మందు వేయని గుంటలో
పదికి పదీ ఈదుతున్నాయి.
పళ్ళెం కడిగేటప్పుడు దాన్ని చివరికి ఉంచుతాను.

తర్వాత వాటినీ
సింకులోనే పోయాలి.