పదకొండు కుండలు

టెక్కలి దాటాక జోగారావు యెజ్డీ గొంతు మారింది.
"పొద్దుటి మంచుకి దగ్గుతోంది, ఏటీ కాదు" అన్నాడు
ట్యాంకు మీద అరచేత్తో రెండు తట్లు తట్టి.
నేను వెనక సీట్లో,
రిటైరై ఇరవై రోజులైన మనిషిని,
ఒళ్లో టిఫిన్ క్యారేజీ, నెత్తిన మా అల్లుడి హెల్మెట్.

పలాసలో ఊరంతా వేగిన జీడిపిక్కల పొగ.
టీ కొట్టు దగ్గర ఆడవాళ్లు
నల్లబడ్డ వేళ్లతో ఇడ్లీ తుంపుకుంటున్నారు,
షిఫ్టుకి ఇంకా పది నిమిషాలుంది.
హరిపురం దగ్గర హైవే వదిలేశాం.
అక్కణ్నుంచి కొబ్బరి, తర్వాత జీడి, తర్వాత పనస,
ఆపైన పేర్లు తెలీని ఆకుపచ్చ.
మహేంద్రగిరి మబ్బు దుప్పటి
మోకాళ్ల దాకా మాత్రం తీసింది.

ఈ దారి నాకు తెలుసు.
జీపులో తెలుసు, రాత్రి తెలుసు,
లైట్లు ఆర్పేశాక తెలుసు.
కుక్కలు ఎక్కడ మొరగడం మొదలెడతాయో తెలుసు.
పగటిపూట దీనికి ఇన్ని వంకలున్నాయని,
ప్రతి వంక దగ్గరా కొండ ఇంకో పక్కకి ఒత్తిగిల్లుతుందని
ముప్పై ఒక్కేళ్లు ఎక్సైజులో చేసి
ఇవాళే చూశాను.

జోగారావుకి సారా కాచడం చూడాలని సరదా.
హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు.
స్వేదనం అని ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసేవాడు,
గాజు గొట్టం, సీసా, బాణం గుర్తు.
"ఒక్కసారైనా నిజంది చూడొద్దేటి?"
నిజంది నేను చూసినన్నిసార్లు ఎవడూ చూసుండడు,
ఎప్పుడూ తన్నడానికి ముందు ఒక్క నిమిషం.

గూడెం చివర, గెడ్డ పక్కన,
సుక్కమ్మ పొయ్యి రాజేసి ఉంది.
తొమ్మిది రోజులు నానిన ఇప్పపూల వాసన,
తీపీ పులుపూ, కాస్త తడిసిన గొంగళీ.
కుండ మీద కుండ, సందుకి బంకమట్టి,
పై మూకుట్లో చన్నీళ్లు,
వెదురు గొట్టం చివర్న
వెలుగు వేలాడి, సాగి, తెగి,
టప్.
మళ్లీ వేలాడి.
జోగారావు గొంతుక్కూర్చుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"గాజుకన్నా వెదురే నయంరా" అన్నాడు
తన బొమ్మని తనే చెరిపేస్తూ.

ఆవిడ ఒక చుక్క నిప్పులో వేసింది, నీలంగా లేచింది.
ఒక చుక్క నేలకి, పోయినవాళ్లకి.
అడ్డాకు దొప్ప నా చేతికిస్తూ
మొహంకేసి కాదు, నా కుడికాలికేసి చూసింది.

"నీకప్పుడు బూట్లుండేవి."

గెడ్డ చప్పుడు.
జోగారావు లేవబోయి కూచున్నాడు.

"పదకొండు కుండలు" అంది. "కంచిలి సంతలో కొన్నవి.
అప్పుడు కుండ పాతిక."

ఏడు, అన్నాను. నోరు దానంతటదే అంది.
పంచనామాలో ఏడు.
కార్బన్ కాయితం పెట్టి రాసింది నేనే,
ధ్వంసం చేయబడినవి ఏడు, సాక్షులు ఇద్దరు.

"ఏడు పగిలినాయి" అంది కర్ర ఎగదోస్తూ.
"నాలుగు జీపెక్కినాయి."

ఆ రాత్రి కొండ దిగేటప్పుడు
జీపు ఎంత మెల్లగా నడిపామో గుర్తొచ్చింది.
తొణక్కుండా.
మర్నాడు ఎస్సై గారింట్లో ఓణీల ఫంక్షన్.

జేబులో మూడు వందలున్నాయి. ఇచ్చాను.
కొంగు ముడి విప్పి పాతిక తిరిగిచ్చింది,
ఒక ఇరవై నోటు, ఒక అయిదు బిళ్ల.
వడ్డీ అడగలేదు. పోన్లే అని కూడా అనలేదు.
మూకుట్లో నీళ్లు వేడెక్కాయేమోనని వేలు ముంచి చూసుకుంది.

దొప్పలోది నాలిక్కి తగిలించాను.
నేను తాగిన మొదటి సారా.
మా ఆవిడ వేరే బకెట్లో నానబెట్టే
నా యూనిఫాం వాసన అది,
ఈసారి లోపల్నుంచి.
మిగిలింది జోగారావుకేసి చాస్తే
బండి తాళం చూపించి తలూపాడు.
నేలకే వంచాను.

వచ్చేటప్పుడు యెజ్డీ దగ్గలేదు.
మేమూ మాట్లాడలేదు.
హరిపురం దగ్గర రైలు గేటు పడింది,
గూడ్సు.
ఊరికే పెట్టెలు లెక్కపెట్టడం మొదలెట్టి
పదకొండు దగ్గర ఆపేశాను.
బండి ఇంకా పోతూనే ఉంది.
"ఎన్నయ్యాయిరా?" అన్నాడు జోగారావు
వెనక్కి తిరక్కుండా.