చుట్టాల బటన్

మిర్యాలగూడ, రైల్వేగేటు అవతల,
కంసాలి నరహరి ఇంట్ల టీవీ వెనక
సబ్బుబిళ్లంత డబ్బా బిగించిన పోయిన దసరాకు.
ఏ ఆట నడుస్తుందో చప్పుడు విని పేరు పట్టుకుంటది.
ఎవరు ఆడుతున్నరో మాత్రం దానికి తెల్వదు,
ఎవరి బటన్ వాళ్లే ఒత్తాలె.
ఒత్తినందుకు నెలకు రెండొందల రీఛార్జి.
నరహరికొకటి, ఇంటామెకొకటి, పోరగాండ్లకు రెండు,
ఆఖరిది చుట్టాలకు.

నెల తిరిగినంక పోయి చూస్తే
నరహరి బటన్ మీద దుమ్ము.
చుట్టాల బటన్ మీద అంకె అరిగిపోయింది.
మంగళారం, శుక్రారం, పగటీలి రెండున్నరకు
కార్ల పందెం. ఓడింది తక్కువ.

"ఎవరమ్మా ఈ చుట్టం?"

వంటింట్లకెల్లి వచ్చింది పక్కింటి సైదమ్మ.
రైసుమిల్లుల పొద్దటి డ్యూటీ దిగి
ఇంటికి పోకముందే ఇటు వస్తదట.
కొంగుకు తవుడు, కనుబొమ్మలకు తవుడు.
సైకిల్ గుడ తొక్కరాదు ఆమెకు.
"ఇది మా అత్తకు తెలుస్తదా సారూ?"

ఫారంల రెండే గడులు:
వయసు, ఆడనా మగనా.
పెన్ను రాయకపోతే అరచేతిల గీకి గీకి
పద్నాలుగేండ్లు, మగ, అని రాసిన.

ఇగ ఏ ఏసీ రూములనో ఎవరో
తెర మీద గీతలు చూపిచ్చుకుంట చెప్తుండొచ్చు,
ఈ ఊరి పిలగాండ్లు మంగళారం మంగళారం
బడి ఎగ్గొడుతున్నరని.

నేను స్టూలు మీద కూసోని చాయ తాగిన.
ఆమె మూడో మలుపు కాడ
బ్రేకు వెయ్యనే వెయ్యలేదు.